పూజ అందుకున్న ఖాళీ బీరువా

నేను రిటైరవడానికి రెండేళ్ల ముందు, దసరా వెళ్లిన వారం, మా శాఖ మేనేజరు నా బల్ల మీద ఒక దరఖాస్తు పెట్టాడు. నా ఉద్యోగం ఇంగ్లండులోని ఒక కౌంటీ, అంటే జిల్లా, పోలీసు శాఖలోనే కానీ నేను పోలీసును కాను. ఫైర్‌ఆర్మ్స్ ఎంక్వైరీ ఆఫీసర్ అనే సివిలియన్ పదవి నాది. యూనిఫాం లేదు, లాఠీ లేదు. ఒక పాత కారు, ఒక కొలతల టేపు, ఒక టార్చిలైటు ఉన్నాయి. తుపాకి లైసెన్సు అడిగినవాళ్ల ఇంటికి వెళ్లి, మనిషినీ బీరువానూ చూసి రిపోర్టు రాయడం నా పని. ఇవ్వాలా వద్దా అన్నది మేనేజరు తేలుస్తాడు.

దరఖాస్తు పెట్టినతను సుధాకర్, ప్రొద్దుటూరు నుంచి వచ్చిన సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. మీవాడే, నీకు తెలిసే ఉంటాడన్నాడు మేనేజరు. ఈ దేశంలోని తెలుగువాళ్లమంతా ఒకే వీధిలో పుట్టి పెరిగామని ఆయన గట్టి నమ్మకం. తెలియదని కాగితం మీద రాసిచ్చి ఫైలు తీసుకున్నాను.

ఇక్కడి చట్టం గురించి కాస్త చెప్పకపోతే మిగతా కథ అర్థం కాదు. తొంభైల చివర్లో బ్రిటన్ చేతితుపాకులను దాదాపుగా నిషేధించింది. బతికి బయటపడ్డవాటిలో పాతకాలపు క్యాపు రివాల్వర్ ఒకటి. దానికి తూటాలు ఉండవు. సిలిండర్‌లోని ఒక్కో గదిలో తుపాకిమందు పోసి, సీసపు గుండు కూరి, పైన గ్రీజు రాసి, వెనక చిన్న రాగి క్యాపు తొడగాలి. ఐదు గుండ్లు పేల్చడానికి అరగంట అవస్థ, ఇంటికొచ్చి వేడి సబ్బునీళ్లతో కడగడానికి ఇంకో గంట. ఇంత ఓపిక ఉన్నవాడికి నేరాలు చేసే తీరిక ఉండదని పార్లమెంటు అనుకుంది కాబోలు.

అయితే విక్టోరియా రాణి కాలంలో తయారైన అసలు రివాల్వర్ విషయంలో ఒక విచిత్రం ఉంది. గోడకు తగిలించి చూసుకుంటానంటే లైసెన్సు అక్కర్లేదు, డబ్బిచ్చి ఇంటికి తీసుకెళ్లవచ్చు. అదే రివాల్వర్‌ను పేలుస్తానంటే మాత్రం జీపీ అనే ఇంటి డాక్టరు దగ్గర నుంచి మతి స్థిమితంగా ఉందన్న కాగితం, ఇద్దరు పెద్దమనుషుల హామీ, షూటింగ్ క్లబ్బు సభ్యత్వం, గోడకు బోల్టులు వేసిన ఉక్కు బీరువా కావాలి. వీటన్నిటి మీదా నేను కావాలి.

ఈ పిచ్చి నాకూ ఉంది. వేరే కౌంటీలోని క్లబ్బులో ఆదివారాలు నేనూ కాలుస్తాను. ఒకసారి పాత ఆయుధాల సంతలో లండన్‌లో చేసిన ఐదు గుండ్ల రివాల్వర్ ఒకటి చేతికి అందింది. పట్టుకోగానే ఇది నాదే అనిపించింది. బేరం కూడా కుదిరింది. అప్పుడు తెలుగు మొగుడిలా, ఇంట్లో ఒక మాట అడిగి వస్తానని బయటికెళ్లి ఫోన్ చేశాను. వెనక్కి వచ్చేసరికి బల్ల ఖాళీ. మా ఆవిడ ఒప్పుకుంది, అదే ఎక్కువ బాధ. కాబట్టి సుధాకర్ దరఖాస్తు చదవగానే అతని ఆత్రం నాకు తెలిసిపోయింది.

అతని క్లబ్బులో వాల్టర్ అనే పెద్దాయన దగ్గర సరిగ్గా అలాంటి రివాల్వరే ఉంది. వాల్టర్ ఇల్లు అమ్మి, తుపాకి కూడా వదిలించుకుని ఎడిన్‌బర్గ్‌లో కూతురి దగ్గరికి వెళ్లిపోతున్నాడు. నెలాఖరుకు ఇల్లు ఖాళీ చేయాలి. ఆలోగా లైసెన్సు వస్తే రివాల్వర్ నీకేనని సుధాకర్‌కు మాటిచ్చాడు. అప్పటికే క్లబ్బు పర్యవేక్షణలో దాన్నే ప్రతి ఆదివారం కాలుస్తూ వచ్చాడు సుధాకర్. అంతకు ముందు రెండు రివాల్వర్లు ఆలోచించుకుని చెప్తానంటూ పోగొట్టుకున్నాడట. ఈసారి ఆలోచించకుండా దరఖాస్తు పెట్టాడు.

నేను వెళ్లేసరికి సుధాకర్ సూటు వేసుకుని ఉన్నాడు, పెళ్లిచూపులకు కూర్చున్నట్టు. భార్య ఆసుపత్రి డ్యూటీలో ఉంది. ఇంట్లో అతనూ, వాళ్లతోనే ఉంటున్న తల్లీ ఉన్నారు. గుమ్మంలో సార్ అని పిలిచినవాడు, నా పేరు విన్నాక అంకుల్‌లోకి దిగాడు. తల్లి ఆ మాత్రం కూడా ఆగలేదు.

"రా నాయనా, కూచో. మీది ఏ ఊరప్పా? తెనాలా! మరి ఇంత దూరమొచ్చి తుపాకుల ఉద్యోగమేంది?"

ముప్ఫై ఏళ్లుగా నన్ను నేను అడుక్కుంటున్న ప్రశ్న అది. టీ తీసుకోవచ్చు, భోజనం చేయకూడదు అన్నది మా నియమం. ఆవిడ పెట్టిన ఓళిగలు, అంటే మా వైపు బొబ్బట్లు, ఈ రెంటిలో దేని కిందకు వస్తాయో మా నియమావళిలో లేదు కనుక, ఒకటి తిని ప్రశ్నలు మొదలుపెట్టాను.

సుధాకర్ బాగా చదువుకొచ్చాడు. రివాల్వర్ ఎందుకు, ఎక్కడ కాలుస్తారు, మందు ఎక్కడ నిల్వ ఉంచుతారు, అన్నిటికీ టకటకా చెప్పాడు. చివరిది బీరువా తాళం. తాళంచెవి లైసెన్సుదారుకు తప్ప ఇంకెవరికీ అందకూడదు, అది ఎక్కడుందో తెలియనూ కూడదు. భార్య, తల్లి, ఎవరైనా సరే. నాకొక్కడికే తెలుసండీ అన్నాడు సుధాకర్. అని, ఎవరూ ముట్టని చోట దాచానంటూ పూజగదిలోకి వెళ్లాడు.

తెలుగువాడు విలువైనదాన్ని దాచే చోటు అదే కదా. ఆ ఇంట్లో అన్నిటికన్నా ముందు, రోజూ స్నానం చేసి మరీ ముట్టుకునే చోటు అదొక్కటేనని అతనికి ఎందుకు తోచలేదో నాకు అర్థం కాలేదు.

తాళంచెవి తెచ్చి బీరువా తెరిచాడు. లోపల తుపాకి లేదు, ఉండకూడదు కూడా. కానీ తలుపు లోపలివైపు పసుపు, దాని మీద మూడు కుంకుమ బొట్లు ఉన్నాయి. అడుగున ఎండిన నిమ్మకాయ ఒకటి, వాడిపోయిన బంతిపువ్వు ఒకటి ఉన్నాయి. నాకంటే ఎక్కువ ఆశ్చర్యపోయింది అతనే.

ఆవిడ వెనక నుంచి సంతోషంగా చెప్పింది. "ఆయుధ పూజ నాడు నేనే చేసినా నాయనా. తుపాకి రాకపోతే ఏం, దాని ఇల్లు ఉండాది గదా. వానికి చెప్పలే, పనిలో ఉన్యాడని. తాళంచెవి యాడుందో నాకు తెల్దా? దినామూ తుడిచేదాన్ని!"

"అమ్మా!" అన్నాడు సుధాకర్.

వేరే ఆఫీసరుకైతే ఆ మాటల్లో ఒక్క ముక్కా అర్థమయ్యేది కాదు. పువ్వు చూసి, ఏదో అందమైన ఆచారం అని రాసుకుని వెళ్లిపోయేవాడు. మీవాడే అని పంపినందుకు మేనేజరుకు ఫలితం దక్కింది. నాకు ఆ అబ్బాయి మీద నిజంగా జాలి కలిగింది. అయినా విన్నది విన్నట్టు రాశాను, ఎందుకంటే రేపు ఆ బీరువాలో ఉండబోయేది నిమ్మకాయ కాదు. మేనేజరు నా రిపోర్టు చదివి, తాళానికీ నిమ్మకాయకూ సంబంధం ఏమిటని అడిగాడు. ఆయుధ పూజ గురించి ఆయనకు ఇంగ్లీషులో చెప్పడం నా సర్వీసులో అన్నిటికంటే కష్టమైన పని. అంతా విని, అంకెల తాళం ఉన్న చిన్న పెట్టెలో తాళంచెవి పెట్టాలని, ఆ తర్వాత మళ్లీ తనిఖీ జరగాలని రాశాడు.

సుధాకర్ మర్నాడే ఆ పెట్టె బిగించాడు. మళ్లీ తనిఖీకి మాత్రం వరుసలో వెనక్కి వెళ్లాలి. ఆ వరుస ఎంత పొడుగో ఇక్కడ జీపీ అపాయింట్‌మెంటు కోసం ఆగినవాళ్లకు చెప్పక్కర్లేదు. నెలాఖరు వచ్చింది, వెళ్లింది. లైసెన్సు వచ్చేదాకా రివాల్వర్‌ను ఎవరైనా తుపాకుల డీలరు దగ్గర ఉంచమని సుధాకర్ బతిమాలితే, డీలర్ల గడప తొక్కనని వాల్టర్ భీష్మించాడట. పోనీ అలంకారంగా ఇప్పుడు కొని తర్వాత లైసెన్సులో రాయించుకోనా అని సుధాకర్ నాకు ఫోన్ చేశాడు. ఇదే రివాల్వర్‌ను పేలుస్తానని సంతకం పెట్టి ఇచ్చినవాడు అలంకారం అనడం కుదరదని చెప్పాల్సి వచ్చింది.

వాల్టర్ దాన్ని ఒక పబ్బు యజమానికి అమ్మి వెళ్లిపోయాడు. ఆ యజమానిని ఎవరూ ఏమీ అడగలేదు. అతను గోడకు తగిలిస్తానన్నాడు.

సుధాకర్‌కు లైసెన్సు వచ్చింది. ఇటలీలో చేసిన నకలు రివాల్వర్ కొన్నాడు. దానితో బాగానే కాలుస్తాడు, కాల్చిన ప్రతిసారీ ఇది అది కాదంటాడు. తల్లి మాత్రం ఆ మరుసటి దసరాకు బీరువా దగ్గరకు వెళ్లలేదట. వాని తుపాకి నా వల్లే పాయె అని బాధపడిందని సుధాకరే చెప్పాడు. బయట తలుపుకు బొట్టు పెట్టుకోవడానికి చట్టంలో అడ్డేమీ లేదని ఆవిడకు చెప్పమన్నాను.

రిటైరయ్యాక ఒక ఆదివారం సుధాకర్ నన్నూ తల్లినీ ఆ పబ్బుకు భోజనానికి తీసుకెళ్లాడు. రివాల్వర్ టాయిలెట్లకు వెళ్లే దారిలో, పిల్లలకు అందేంత ఎత్తులో ఉంది. కదలకుండా ఉండటానికి, నూటయాభై ఏళ్ల వాల్‌నట్ పిడికి అడ్డంగా బెజ్జం వేసి స్క్రూ దింపారు. సుధాకర్ ఒక్కసారి చూసి తల తిప్పుకున్నాడు. నాకూ కళ్లు మండాయి.

పెద్దావిడ దగ్గరగా వెళ్లి బాగా చూసింది. దీని తాళంచెవి ఎవరి దగ్గరుంటుందో కనుక్కోమంది. సుధాకర్ అడిగాడు. తాళమా, ఊరికే అలా ఉంటుందంతే అన్నాడు యజమాని నవ్వుతూ.

ఆవిడ నా వైపు తిరిగింది. "మరి వీళ్లింటికి పోలేదా నాయనా నువ్వు?"

పోలేదు. పొమ్మని మాకు ఎవరూ చెప్పరు. ఆ కేసుతో నాకు తెలిసింది ఇంతే. తుపాకిని ప్రేమించి, దాన్ని సరిగా వాడతానని నిజం చెప్పినవాడి ఇంటికే మా శాఖ వెళ్తుంది. ఏమీ చేయనన్నవాడికి దారిలో నమస్కారం పెట్టి పోతుంది.