235వ లైను

పదిహేనేళ్ల వయసులో నేను నాలుగు ప్రోగ్రాంలు రాశాను. మొదటి మూడూ ఎందుకూ పనికిరావు. ఒకటి ఎక్కాలు అప్పజెప్పేది. ఒకటి మనసులో అనుకున్న అంకెను కనిపెట్టేది. ఇంకొకటి తెరమీద చుక్కలతో గుర్రాన్ని గీయబోయి గాడిదను గీసింది. నాలుగోది మా అవ్వను రెండు రోజులు పస్తు పెట్టింది. అందుకు తిరుపతిలో మా వీధి వీధంతా నన్ను తిట్టింది. అప్పుడు చెప్పని సమాధానం ఇప్పుడు చెబుతున్నాను.

ఎనభైల నడుమ మా హైస్కూలుకు ప్రభుత్వం రెండు కంప్యూటర్లు ఇచ్చింది. లెక్కల సార్‌ను మూడు వారాలు ట్రైనింగుకు పంపారు. ఆయన తిరిగొచ్చి చేసిన మొదటి పని ఆ గదికి తాళం కొనడం. చెప్పులు బయటే విడవాలి. ఆయుధపూజ రోజు ఒక్కొక్క మీటకూ కుంకుమ బొట్టు పెట్టించాడు. ఆ కుంకుమ సందుల్లోకి జారి ఏడాది పొడుగునా మీటలు కరకరమన్నాయి. వారానికి ఒక పీరియడ్ ఆయన టైపు చేస్తాడు, మేం చూస్తాం. నేను ఇంట్లో నోటుబుక్కులో ప్రోగ్రాం రాసుకొచ్చి, బడి విడిచాక అరగంట ఇవ్వమని ఆయన ప్రాణం తోడేసేదాన్ని. పోరు పడలేక ఇచ్చాడు. టైపు చేసిన ప్రోగ్రాంను టేపురికార్డరు క్యాసెట్టులో రికార్డు చేసి దాచుకునేదాన్ని.

మాది వైష్ణవుల ఇల్లు. నాయన గుడి ఆఫీసులో గుమాస్తా. అవ్వ, అంటే నాయన తల్లి, ఏకాదశికి మంచినీళ్లు కూడా ముట్టదు. పంచాంగంలో చిన్న అక్షరాలు ఆమెకు ఆనవు. పక్షానికోసారి ఆమె నాయనను అడగడం, ఆయన విసుక్కోవడం నాకు నచ్చేది కాదు. అందుకే ఏడాది మొత్తానికీ దశమి ఎప్పుడు ముగుస్తుందో, పొద్దు ఎప్పుడు పొడుస్తుందో పంచాంగంలో చూసి టైపు చేశాను. పొద్దు పొడవకముందే దశమి అయిపోతే ఆ రోజే ఏకాదశి, లేకుంటే మర్నాడు. ఇంతే లెక్క అనుకున్నాను. ప్రింటర్ లేదు కాబట్టి తెరమీది తేదీలను డ్రాయింగు కాగితంపై పెద్ద అక్షరాలతో రాసి, అన్నం మెతుకులతో వంటింటి గోడకు అంటించాను. నా మనవరాలు రాసిందని అవ్వ వీధంతా చెప్పుకుంది.

నాలుగు ఏకాదశులు సరిగ్గానే వచ్చాయి. ఐదోసారి అవ్వ రోజంతా ఉపవాసముండి, మర్నాడు పొద్దున్నే స్నానం చేసి ఆకు ముందు కూర్చుంది. ముగ్గుపిండి కోసం వచ్చిన పక్కింటామె గడప దగ్గరే నిలబడిపోయింది.

"ఏకాదశి పూట ఆకేసుకున్నావేమి పెద్దమ్మా?"

అవ్వ చేతిలో ముద్ద మళ్లీ ఆకులో పెట్టేసింది. ఆకు మడిచి లేచింది. అంటే రెండో రోజు కూడా నీళ్లు లేవు.

"మిషనుతో ఆటలాడి ముసిలామె పానం తీస్తావా? ఇంక ఆ గది తొక్కినావంటే కాళ్లిరగ్గొడతా" అని నాయన గోడమీది కాగితం చించేశాడు. తప్పు ఎక్కడ జరిగిందో తెలియక నేను వెక్కి వెక్కి ఏడ్చాను.

మధ్యాహ్నం అవ్వ చాపమీద పడుకుని నన్ను పిలిచింది. నోరెండి ఆమెకు మాట పెగలడం లేదు.

"ఏమ్మే, నీ మిషను పొద్దు పొడిసేది సూస్తాదా, తెల్లారగట్ట సూస్తాదా?"

"పొద్దు పొడిచేదే అవ్వా."

"ఆడ చెడింది. పొద్దు పొడిసేదానికి నాలుగు గడియల ముందర దశమి రవ్వంత ఉన్నా ఆ దినం మనకు పనికిరాదు. మర్నాడే ఉండాల. రాసుకో."

నాలుగు గడియలంటే గంటా ముప్పై ఆరు నిమిషాలు. రాసుకున్నాను. సాయంత్రం నాయన రాగానే ఆమె పడుకునే అంది: "తప్పు రాస్తే దిద్దుకుంటారు గానీ పలక పగలగొట్టుకుంటార్రా? బిడ్డను పోనీ." పస్తున్న మనిషికి ఎదురుచెప్పే ధైర్యం నాయనకు లేకపోయింది.

మధ్యలో ఏదైనా చేర్చాలంటే చోటు ఉండాలని ప్రోగ్రాంలో లైన్లకు పదేసి తేడాతో నంబర్లు వేస్తాం. అవ్వ చెప్పిన మాట 230కీ 240కీ నడుమ 235వ లైనుగా ఇమిడిపోయింది. నోటుబుక్కులో లెక్కేసి చూస్తే ఆ ఏడాది ఇంకా రెండు తేదీలు మారాలి. మర్నాడు ఆ లైను మిషన్‌లో ఎక్కిద్దామని ఉత్సాహంగా పోయాను.

సార్ తలుపు దగ్గరే ఆపాడు. "చిత్తూరులో జిల్లా సైన్సు ఎగ్జిబిషన్ ఉండాది. నీ ఏకాదశి ప్రోగ్రామే పెడతా ఉండాము. క్యాసెట్టు తెచ్చియ్యి. మిషను కాడ వాడు కూచుంటాడు" అని టైపు నేర్చుకుంటున్న మా క్లాసు అబ్బాయిని చూపించాడు. "నువ్వు చార్టు కాడ నిలబడు. ఆడపిల్ల కూచుంటే జనం మిషను సూడరు."

సొమ్మొకడిది, సోకొకడిది. ఇంటికొచ్చి అవ్వతో చెప్పాను. అప్పటికి ఆమె లేచి తిరుగుతోంది.

"రెండు దినాలు నోరెండబెట్టుకుని చెప్పినా. ఉత్తపుణ్యానికి ఇచ్చొస్తావా?"

ఆ లైను ఇవ్వలేదు. నాయన పాత భజన పాటల మీద రికార్డు చేసిన ఆ క్యాసెట్టును, అందులో ఉన్న పాత ప్రోగ్రాంతోనే సార్ చేతిలో పెట్టాను. తప్పని తెలిసే పెట్టాను. మోసమనేవాళ్లు అనుకోవచ్చు. నేను రాసింది వాళ్లు తీసుకున్నారు. అవ్వ రాసింది నా దగ్గర పెట్టుకున్నాను.

చిత్తూరులో మా బల్ల ముందు జనం బాగానే మూగారు. నేను బెత్తం పట్టుకుని చార్టు చదువుతున్నాను. జడ్జీల్లో ఒకాయన ఐరాల వైపు పల్లెలో పంతులుగా చేసి రిటైరైన పెద్దమనిషి. నుదుట నామం, సంచిలో పంచాంగం. వచ్చే నెల మొదటి ఏకాదశి ఎప్పుడో చూపమన్నాడు. మారాల్సిన రెండు తేదీల్లో అదొకటి. అబ్బాయి మీట నొక్కాడు. ఆయన పంచాంగం తిప్పి చూసి తల అడ్డంగా ఊపాడు.

"మేము ఉపాసం ఉండేది మర్నాడు కదప్పా. దశమి తగిలింది సూడు."

అబ్బాయి సార్ వైపు చూశాడు. సార్ నా వైపు చూశాడు. నేను బెత్తం బల్లమీద పెట్టాను.

"నేను దిద్దుతాను సార్. కుర్చీ కావాల."

అబ్బాయి పాపం వెంటనే లేచాడు. కూర్చున్నాను. నోటుబుక్కు తెరవాల్సిన పని లేదు. 235 కొట్టి, అవ్వ మాట కొట్టి, మళ్లీ నడిపించాను. తేదీ మారింది. పెద్దాయన పంచాంగం మీద వేలు పెట్టి నవ్వాడు.

"ఎవురు రాసినారమ్మా?"

"ప్రోగ్రాం నేను. ఆ లైను మా అవ్వ."

సర్టిఫికెట్టు మాత్రం అబ్బాయి పేరుతోనే వచ్చింది. పేరు ముందే పంపేశారట. తిరుగు బస్సులో పాకాల దాటాక సార్ నా సీటు దగ్గరికి వచ్చాడు. మెల్లగా అడిగాడు.

"ఆ లైను నీకు ముందే తెల్సునా?"

తెలియదంటే సరిపోయేది. రెండు రోజులు నీళ్లు తాగని మనిషి గుర్తొచ్చింది.

"తెల్సు సార్. మీరు కుర్చీ ఇచ్చింటే తిరుపతిలోనే కొట్టిండేదాన్ని."