నాన్న లుంగీతో క్రొయేషియా జెర్సీ

మా చిన్నప్పుడు... కొల్లేటి లంకలో ఉన్న మా ఊళ్ళో బంతి ఆడుకోవాలంటే ముందు చెరువు ఎండాలి. ఎటు చూసినా నీళ్ళు, గట్లు... చదునైన నేలంటే చేపల చెరువు అడుగే. ఎండాకాలం చేపలన్నీ పట్టేసి, అవి ఆకివీడు లారీ ఎక్కాక, నీళ్ళు తోడేసి చెరువుని ఎండగట్టేవారు. ఆ కొద్దిరోజులూ అదే మా అన్నయ్య దాసుకి స్టేడియం.

అన్నయ్య ఇంటర్ చదివేవాడు. ఊరంతా క్రికెట్ ఆడుతుంటే వీడొక్కడూ ఫుట్‌బాల్ పట్టుకు తిరిగేవాడు. ఓరోజు పేపర్లో ఆటల పేజీ అడుగున నాలుగు లైన్ల వార్త పడింది... క్రొయేషియాలో ఎవరో పదిహేడేళ్ళ కుర్రాడు పెద్ద జట్టులో చేరి, మొదటి మ్యాచ్‌లోనే గోల్ కొట్టాడని. పక్కన చిన్న ఫొటో. పేరు చివర 'ఇచ్' అని ఉండేది, మిగతాది మాకెవరికీ నోరు తిరిగేది కాదు.

"నా ఈడువాడేనే చిట్టీ" అంటూ అన్నయ్య ఆ ముక్క కత్తిరించి దాచుకున్నాడు. ఇక ఆ అబ్బాయి మా ఇంటికి చుట్టమైపోయాడు. అన్నం దగ్గర కూడా అతని కబుర్లే. "వాళ్ళ నాన్న కూడా చేపల పనేనంట నాన్నా" అని వీడు కోసేవాడు. పేపర్లో అలా లేదు కదా అని నేను మధ్యలో దూరి మొట్టికాయ తినేదాన్ని.

క్రొయేషియా వాళ్ళది ఎరుపు తెలుపు గళ్ళ జెర్సీ. మా ఇంట్లో అలాంటి గళ్ళున్నది నాన్న లుంగీ ఒక్కటే. అమ్మ దాన్ని కత్తిరించి, గుండె మీద జేబుతో సహా చొక్కా కుట్టేసింది. జెర్సీకి జేబేంట్రా అని అందరూ నవ్వేవారు. అన్నయ్య ఆ పేపర్ ముక్కని ఆ జేబులోనే పెట్టుకుని ఆడేవాడు.

ఆ ఏడు ఏలూరులో జిల్లా జట్టుకి సెలక్షన్లు పెట్టారు. నాన్న వెళ్ళమనలేదు, వద్దనలేదు... "చూద్దాంలే" అన్నారంతే. ఎక్కడ వద్దంటారోనని అన్నయ్య పిల్లిలా మసులుకున్నాడు.

సెలక్షన్ల ముందురోజు సాయంత్రం... అన్నయ్యా నేనూ చెరువులో ఆడుతున్నాం. తూము వైపు నేల పల్లం. పైన ఎండి నెర్రెలిచ్చి గట్టిగానే కనిపిస్తుంది, కింద బురద పచ్చిగానే ఉంటుంది. అందుకే నాన్న ఏటా నీళ్ళు తీయగానే గడతో పొడుచుకుంటూ నడిచి, గడ దిగబడిన చోట వెదురుకర్ర పాతి ఎర్రగుడ్డ కట్టేవారు. దాని అవతలికి మేకపిల్లని కూడా పోనిచ్చేవాళ్ళం కాదు.

అన్నయ్య తన్నిన బంతి దొర్లుకుంటూ ఆ కర్ర దాటిపోయింది. అది కాలేజీ బంతి.

"పైన ఎండిపోయిందిలేవే" అంటూ వెళ్ళాడు. కాస్త దూరం బాగానే నడిచాడు. అంతలో అప్పడం విరిగినట్టు చప్పుడైంది... మోకాళ్ళ దాకా దిగిపోయాడు. ముందు నవ్వాడు. ఒక కాలు లాక్కోబోతే రెండోది తొడ దాకా పోయింది. ఇక నవ్వలేదు.

"నువ్వు రాకు! అక్కడే ఉండు!"

"నాన్నని పిలవనా?"

"వద్దే... తెలిస్తే రేపు పంపరు."

యేసయ్యా, యేసయ్యా అనుకోవడం తప్ప ఏమీ తోచలేదు. వాడు గింజుకున్నకొద్దీ దిగిపోతున్నాడు... చొక్కా మీది గళ్ళు ఒక్కో వరసే బురదలోకి వెళ్ళిపోతున్నాయి. నేను ఆ గళ్ళనే చూస్తూ నిలబడ్డాను. జేబు కూడా మునిగాక వాడు గింజుకోవడం మానేశాడు.

"చిట్టీ... నాన్నని పిలువు" అన్నాడు మెల్లగా. వాడి అరుపుకంటే ఆ మెల్లదనానికే నాకు ఎక్కువ భయం వేసింది.

పరిగెత్తాను. పక్క చెరువు గట్టు మీదున్న నాన్న నా మొహం చూసే పార పడేసి, తాటిమొద్దు తొలిచి చేసిన దోనె లాక్కుంటూ వచ్చారు. కర్ర దగ్గర దాన్ని బురద మీదికి తోసి, అందులో బోర్లా పడుకుని, చేతులతో నెట్టుకుంటూ వాడి దాకా పాక్కుంటూ పోయారు.

"కదలకు నాన్నా... నేనొచ్చేశాను కదా... ఊపిరి మెల్లగా తీసుకో..."

ఆయన గొంతు వణుకుతోంది. నాన్నకి కూడా భయం వేస్తుందని నాకు అప్పుడే తెలిసింది. ఎలా లాగారో, ఎంతసేపు లాగారో... చివరికి ఇద్దరూ దోనెలో పడి, అలాగే పాక్కుంటూ గట్టి నేల మీదికి వచ్చారు.

అన్నయ్య తల దించుకు కూర్చున్నాడు. ఏలూరు గోవిందా అనుకున్నాం ఇద్దరం. నాన్న ఆయాసం తీర్చుకుని అటు చూశారు. బంతి ఇంకా అక్కడే ఉంది.

"ఎవరిదిరా అది?"

"కాలేజీది నాన్నా."

నాన్న దోనె మళ్ళీ అటు తిప్పారు. అప్పటికే పరిగెత్తుకొచ్చిన అమ్మ గట్టు మీంచి గుండెలు బాదుకుంటోంది... "ఏవండీ! బంతి పోతే పోయిందండీ! మీరొచ్చెయ్యండి!"

నాన్న వెనక్కి వచ్చే దాకా మా ముగ్గురికీ ప్రాణం లేదు. ఆయన తలగుడ్డతో బంతి తుడిచి అన్నయ్య ఒళ్ళో పెట్టారు.

"రేపు పొద్దున్నే బస్సు. కాళ్ళు కడుక్కో."

అన్నయ్య సెలక్ట్ అయ్యాడు. రెండేళ్ళు జిల్లాకి ఆడాడు కూడా. ఆ తర్వాత చేపల మేత లారీల పనిలో పడిపోయాడు. గళ్ళ చొక్కా ఎంత ఉతికినా బురద మరక వదల్లేదు. జేబులో పేపర్ ముక్క మాత్రం ముద్దయిపోయింది... ఫొటో లేదు, పేరూ లేదు.

క్రొయేషియా మ్యాచ్ వస్తే అన్నయ్య ఇప్పటికీ గళ్ళ లుంగీ కట్టుకుని కూర్చుంటాడు. "మనోడు ఏమయ్యాడో" అంటాడు. ఈ రోజుల్లో ఫోన్లో వెతికితే దొరకనివాళ్ళు లేరు... కానీ పేరు తెలియాలిగా!

నాన్న ఇప్పుడు లేరు. మా చెరువు లీజుకిచ్చేశాం. మొన్న ఎండగట్టినప్పుడు వెళ్ళి చూశాను... తూము వైపు కర్ర లేదు, ఎర్రగుడ్డా లేదు. ఆడుకునే పిల్లలే లేనప్పుడు ఎవరి కోసం పాతుతారు? అయినా నా కాళ్ళు మాత్రం అక్కడే ఆగిపోయాయి.

మీ చిన్నప్పుడు కూడా దాటొద్దని పెద్దవాళ్ళు గీసిన గీత ఏదో ఉండే ఉంటుంది... దాటారా మరి? మిమ్మల్ని వెనక్కి తెచ్చింది ఎవరు?