రాజమణి తీసిన తరుగు

సిరిసిల్ల నేతవాడలో రాజమణి కండెలు చుట్టబట్టి ముప్పయ్యేళ్లు. నూలు చుట్టిన కండెను చేతిలో పెడితే చాలు, ఖాళీ కండె బరువు పోను అందులో నూలెంతో కాంటా లేకుండానే చెప్పేస్తుంది. తరుగు తీయనిదే ఏ తూకాన్నీ నమ్మదు. కూరగాయల బండి దగ్గర సంచి బరువు కూడా తీసేయమని తగువు పెట్టుకునే మనిషి. ఆ తెలివినంతా తీసుకెళ్లి కోడలి మీద పెట్టింది. అదీ వచ్చిన చిక్కు!

కోడలు భాగ్యశ్రీకి ఏడో నెల. నెల తప్పిన కొత్తలో నలభై ఆరు కిలోలుండేది, ఇప్పుడు యాభై రెండు. కడుపులో పిల్ల కిలో పావు ఉందని స్కానింగులో చెప్పారు.

"ఆరు కిలోలు పెరిగితివి. లోపటిది కిలో పావు. తరుగు తీస్తే మిగిలిందంత నీ కొవ్వే! కొవ్వెక్కితే కాన్పు కష్టమైతది. రేపటిసంది మాపటి బువ్వ బంద్," అని తీర్పు చెప్పేసింది రాజమణి. భాగ్యశ్రీ నోట్లో నాలుక లేని పిల్ల. సరేనంది.

నెల తిరిగేసరికి అంగన్‌వాడీ కాంటా మీద ముల్లు యాభై ఒకటిన్నర దగ్గర ఆగింది. ఆశా కార్యకర్త హేమలత కంగారుపడింది. "ఏం తింటున్నవే?" అని అడిగితే ఆ పిల్ల అత్త వంక చూసింది. రాజమణి దర్జాగా తన లెక్క అప్పజెప్పింది.

హేమలత నెత్తి కొట్టుకుంది. "నీ తెలివి తెల్లారినట్టే ఉన్నది పెద్దమ్మా! నూలు చుడితే నీ కండె పెరుగుతదా? గీమె పెరుగుతది! పిల్లతోని మాయ పెరుగుతది, ఉమ్మనీరు పెరుగుతది, ఒంట్ల నెత్తురు పెరుగుతది. పిల్లకు బువ్వ పోయేదే మాయలకెళ్లి. బరువు ఉట్టిగ పుడ్తదా? ఈమె తిన్నదాంట్లకెళ్లే గదంత తయారుగావాలె. నువ్వు తరుగు తీసింది కొవ్వును గాదు, లోపటిదాని బువ్వను!"

రాజమణి ఎన్నో కాన్పులకు తోడు వెళ్లిన మనిషి, మాయను చూడకపోలేదు. అది పారేసేదనే గాని పెరిగేదని, పెంచేదని ఎన్నడూ అనుకోలేదు. ఇక ఆ రోజు నుంచి ఇంట్లో ఒకటే గోల. ముస్తాబాద్ నుంచి వచ్చే ఆటోలో నాటుకోడి గుడ్లు, పక్కన పప్పు, పల్లిపట్టీలు. "ఇగ సాలు అత్తమ్మా" అని భాగ్యశ్రీ మొత్తుకున్నా వింటేగా! పైకి అంత హడావిడి చేస్తున్నా, పోయిన ఆ నెల తిండి ఎలా తిరిగొస్తుందన్న భయం మాత్రం ఆమెను తొలుస్తూనే ఉంది.

కాన్పునాడు తోడుగా రాజమణినే లోపలికి రానిచ్చారు. నర్సు ఆడపిల్లను కాంటా మీద పెట్టింది. రెండు కిలోల ఎనిమిది వందలు!

"సిస్టరమ్మా, మాయను గూడ జోకు," అంది రాజమణి.

"అదెందుకమ్మా?" అని నవ్వుతూనే నర్సు తూచి చెప్పింది. అరకిలో.

రాజమణి దాన్ని చూసింది. పిల్లను చూసింది. చిక్కిన కోడలి చేతిని రెండు చేతులతో పట్టుకుంది.

"నేను బువ్వ బంద్ వెడితే, నువ్వు నీ ఒళ్లు కరిగిచ్చి దీన్ని సాదినవ్ బిడ్డా. నన్ను మాఫ్ చెయ్యి," అని బోరుమంది.