దూరం చూడని దుర్భిణి

మా చిన్నమామయ్యను బజారులో అందరూ దుర్భిణి అనే పిలుస్తారు. అసలు పేరుతో పిలిస్తే ఇంకెవరినో అనుకుని ఆయనే వెనక్కి తిరిగి చూస్తాడు. కెమెరాలు, బైనాక్యులర్లు, కాలేజీల మైక్రోస్కోపులు బాగుచేసే కొట్టు ఆయనదీ, పెద్దమామయ్యదీ. మా తాత పెట్టింది. రైలుపెట్టెలా సన్నగా పొడుగ్గా ఉంటుంది. వీధి కిటికీ దగ్గర పెద్దమామయ్య బల్ల, వెనక గోడ దగ్గర చిన్నమామయ్య బల్ల. మాట్లాడుకోవాలంటే గొంతు పెంచాలి. పెంచిన గొంతుతో మంచి మాట చెప్పడం మా ఇంట్లో ఎవరికీ చేతకాదు కాబట్టి, వీధిలో వెళ్ళేవాళ్ళకు అన్నదమ్ములు పొద్దస్తమానం పోట్లాడుకుంటున్నట్టే వినిపిస్తుంది. అందులో సగం నిజమే.

చిన్నమామయ్యకు పాత టెలిస్కోపుల పిచ్చి. ఆన్‌లైన్ వేలాల్లో కనిపించినవి కొంటాడు. ఫొటో చూసి, ఇది ఓడ మీదది, ఇది భూమి కొలిచేవాళ్ళది, ఇది పనీపాటా లేని షావుకారు మేడ మీద పెట్టుకున్నది అని చెప్పేస్తాడు. వచ్చాక చూస్తే అంతే ఉంటుంది. నేను పనిచేసే ఆఫీసు ఆ పక్క వీధిలోనే. మధ్యాహ్నం డబ్బా తీసుకుని వాళ్ళ కొట్లోనే తింటాను. వేలం పేజీలో రాసింది చదివి చెప్పడం, ఆయన చెప్పింది టైపు చేయడం నా వంతు.

ఆ టెలిస్కోపులన్నీ ఉండే గాజు అలమర వీధి కిటికీకి అడ్డంగా, సగం మూసేస్తూ ఉంటుంది. దారిన పోయేవాళ్ళు చూడాలని చిన్నమామయ్యే అక్కడ పెట్టించాడు. ఏళ్ళ తరబడి నోరెత్తని పెద్దమామయ్య ఈ మధ్య దాన్ని తీసెయ్యమని చెవిలో ఇల్లు కట్టుకుని పోరుతున్నాడు. దుమ్ము అంటాడు, బొద్దింకలు అంటాడు, దొంగల కంట పడుతుందంటాడు. ఏ రోజు కారణం ఆ రోజుది.

"బొద్దింకలు ఇత్తడి తింటాయా అన్నయ్యా?" అని చిన్నమామయ్య వెనక నుంచి అరుస్తాడు.

అలా ఉండగా వేలంలో ఒక వింత గొట్టం కనిపించింది. కింద మూడు కాళ్ళ బరువైన పీట, ఒక్కో కాలికి మట్టం సరిచేసే మర. మధ్యలో నిలువు కడ్డీ, దాని మీద పొట్టి గొట్టం. గొట్టం కింద చేయి చాపినట్టు అడ్డంగా ఒక ఇత్తడి పట్టీ, దాని చివర దేన్నో బిగించుకునే పట్టు. తయారుచేసినవాడి పేరు లేదు. అమ్మేవాడు "పాత టెలిస్కోపు, ఇంతకుమించి తెలియదు" అని రాశాడు.

చిన్నమామయ్య ఫోను పెద్దది చేసి, చిన్నది చేసి, తలకిందులు చేసి చూశాడు. "నక్షత్రాలది. ఆ పట్టు దీపానికి," అన్నాడు. గొంతులో ఎప్పటి ధీమా లేదు. అది పెద్దమామయ్య చెవిన పడనే పడింది.

"ఒరేయ్, పందెం. నెలాఖరులోగా అదేమిటో నిఖార్సుగా తేల్చు. తేలిస్తే అలమర జోలికి రాను. తేల్చలేకపోతే కిటికీ ఖాళీ చెయ్యాలి."

"సరే."

"అమ్మాయి సాక్ష్యం," అన్నాడు పెద్దమామయ్య. నా నోట్లో ముద్ద ఉంది, తలూపాను.

పార్సిల్ వచ్చిన రోజున గొట్టాన్ని పీట నుంచి విప్పి చిన్నమామయ్య డాబా మీదికి పట్టుకెళ్ళాడు. ఆ కొట్టుకు తాత పెట్టిన నియమం ఒకటుంది. ఏ దుర్భిణి వచ్చినా ముందు డాబా మీదికి తీసుకెళ్ళి దూరంగా ఉన్న నీళ్ళ ట్యాంకు వైపు తిప్పాలి. ట్యాంకు మీది అక్షరాలు కనిపిస్తే అది బతికున్నట్టు, లేకపోతే రోగం వెతకాలి. అన్నదమ్ములిద్దరికీ చదువుకంటే ముందు వచ్చిన విద్య అది.

ఈ గొట్టంలో అక్షరాలు కాదు కదా, ట్యాంకే కనిపించలేదు. అంతా మంచు పట్టినట్టు తెలుపు. చిన్నమామయ్య అద్దాలు విప్పి తుడిచాడు. మళ్ళీ డాబా. అద్దం తిరగేసి పెట్టారేమోనని తిప్పి బిగించాడు. మళ్ళీ డాబా. వేలాల్లో పరిచయమైన ఔత్సాహికులను అడిగాడు. ఒకరు అద్దం మార్చేశారన్నారు, ఒకరు అసలు అది బొమ్మ అన్నారు. ఆయన మెట్లెక్కి దిగుతుంటే పెద్దమామయ్య నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని పుల్లవిరుపు మాటలు విసిరేవాడు.

"దూరపు కొండలు నునుపురా. ఫొటోలో ఏదైనా బాగానే ఉంటుంది. పాపం, గుడ్డి గొట్టం తెచ్చుకున్నావు."

పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే మనిషి మా చిన్నమామయ్య. అలాంటివాడు ఆ నెలలో కాస్త చిక్కాడు. ఆయనకు అలమర పోతుందన్న బెంగ కంటే, అన్న ముందు ఓడిపోతానన్న బెంగే ఎక్కువగా ఉండేదని నాకు తెలుసు. పైగా పనీ ఎక్కువైంది. పెద్దమామయ్య సన్నపనులన్నీ ఆయన బల్ల మీదికి నెట్టడం మొదలుపెట్టాడు. "ఇది నీ చేతికే వస్తుందిరా" అని ఒకసారి, "నాకు నడుం నొప్పి" అని ఒకసారి. పెద్దవాడయ్యాక బద్ధకం వచ్చిందని చిన్నమామయ్య నా దగ్గర సణుక్కునేవాడు.

నెలాఖరున మధ్యాహ్నం నేను వెళ్ళేసరికి, ఇక ఆశ వదులుకుని గొట్టానికి మెరుగు పెడుతున్నాడు. తుడవడానికి లోపలి గొట్టాన్ని మర తిప్పి ఎంత వస్తే అంత బయటికి లాగాడు. అది మామూలు దుర్భిణికి రానంత పొడుగు వచ్చింది. దాన్ని తన బల్ల మీదున్న పీట మీద పెట్టి, కన్ను పెట్టే చోట గుడ్డతో రుద్ది, శుభ్రమైందో లేదోనని వంగి చూశాడు. అలాగే ఉండిపోయాడు.

"మామయ్యా?"

ఆయన చెయ్యి ఒక్కటి మర మీద కొద్ది కొద్దిగా తిరుగుతోంది. తరువాత లేచి, నన్ను చూడమన్నట్టు పక్కకు జరిగాడు.

నేను కన్ను పెట్టాను. తలకిందులుగా పెద్దమామయ్య వేళ్ళు. గోటి మీది గీత కూడా తెలుస్తోంది, చేతిలోని స్క్రూ బొత్తామంత కనిపిస్తోంది. కొట్టు ఆ చివర ఉన్న మనిషి నా ముక్కు ముందు కూర్చున్నట్టుంది. అబ్బ, ఎంత బాగుందో అనుకున్నాను. ఆ తరువాత చూశాను. స్క్రూడ్రైవర్ మొన స్క్రూ గాడిలో పడటం లేదు. పక్కకు పోతోంది, వెనక్కి వస్తోంది, మళ్ళీ పక్కకు. చివరికి ఎడమ బొటనవేలి గోరు వచ్చి గాడిని తడుముకుని, మొనను చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళినట్టు అందులో పెట్టింది. గొట్టం మీంచి చూస్తే, పెద్దమామయ్య తల మాత్రం నిటారుగానే ఉంది. వంగినా ఉపయోగం లేదని ఆయనకు ఎప్పుడో తెలిసి ఉండాలి.

చిన్నమామయ్య వైపు చూశాను. నోటి మీద వేలు పెట్టుకున్నాడు.

కాసేపయ్యాక గొంతు పెంచి, "అన్నయ్యా, తేలింది!" అన్నాడు.

"ఏమిటట?"

"ఇది దూరం చూసేది కాదు. ల్యాబుల్లో వాడేది. కొన్ని యంత్రాలుంటాయి, దగ్గరికి వెళ్తే మనిషి ఊపిరికే కదిలిపోతాయి. వాటికో చిన్న అద్దం తగిలిస్తారు. ఈ పట్టుకు స్కేలు బిగిస్తారు. స్కేలు ఆ అద్దంలో పడితే, ఇక్కడే కూర్చుని అంకె చదువుకోవచ్చు. గదిలో ఈ మూల నుంచి ఆ మూల, అంతవరకే దీని చూపు. మనం దీన్ని పట్టుకుని డాబాలెక్కాం."

పెద్దమామయ్య పని తెలిసిన మనిషి, వంక పెట్టడానికి ఏమీ దొరకలేదు. "అయితే గెలిచావు. అలమర ఉంచుకో," అని మళ్ళీ స్క్రూడ్రైవర్ అందుకున్నాడు. ఆ మాట ఆయన మామూలుగానే అన్నాడు, కాని వెలుతురు కోసం బల్లను కొంచెం పక్కకు జరుపుకోవడం నేను చూశాను.

ఆ సాయంత్రం ఆఫీసు నుంచి వస్తూ తొంగి చూస్తే చిన్నమామయ్య అలమర ఖాళీ చేస్తున్నాడు. టెలిస్కోపులన్నీ వెనక గోడకు చేరుతున్నాయి.

"గెలిచింది నువ్వేగా, మళ్ళీ ఇదేమిట్రా?" అన్నాడు పెద్దమామయ్య.

"గెలిచాను కాబట్టే నా ఇష్టం. అక్కడ దుమ్ము పడుతోంది. బొద్దింకలు కూడానూ."

అలమర జరిపాక, అన్నేళ్ళూ ఆగిపోయిన వీధి వెలుతురు పెద్దమామయ్య బల్ల మీద పరుచుకుంది. ఆయన చేతులు ఆ వెలుతురులో పెట్టుకుని తిప్పి చూసుకున్నాడు. తరువాత తల ఎత్తి కొట్టు చివరికి, తమ్ముడి బల్ల మీద నిలబడి ఉన్న గొట్టం వైపు చూశాడు. అది తిన్నగా తనవైపే ఉంది.

బల్ల మీది కెమెరా, రేకు మూతలో స్క్రూలు తీసుకుని లేచాడు. నాకు తెలిసి ఏ మాట చెప్పాలన్నా అక్కడి నుంచే అరిచే మనిషి, కొట్టు పొడుగునా నడిచి వచ్చాడు. రెండూ తమ్ముడి ముందు పెట్టాడు.

"ఇవి బిగించి పెట్టు," అన్నాడు మెల్లగా. "ఆ గొట్టాన్ని మాత్రం గోడవైపు తిప్పెయ్."

చిన్నమామయ్య ముందు గొట్టం తిప్పాడు, తరువాత స్క్రూలు అందుకున్నాడు.