ఫెలిసమ్మ రానిబాకీ

జునిల్డా నర్సు కావాలనుకుంది. కానీ విల్యారికా యూనివర్సిటీలో ఆ ఏడు నర్సింగు సీట్లు నిండిపోయాయి. పక్క కిటికీ దగ్గర జనం తక్కువగా ఉన్నారని అక్కడికి జరిగి నిలబడింది. అది అకౌంటింగు కిటికీ. "సూదిని చూస్తేనే కళ్లు తిరిగేదానివి, నీకిదే మేలు" అంది తల్లి న్యా సెవేరా, బస్టాండులో అమ్మే చీపా రొట్టెల గంప తలకెత్తుకుంటూ.

సాయంత్రం క్లాసులు. పాఠం చెప్పేది ఒవెలార్ గారు. మండుటెండల్లో కూడా చొక్కా పై గుండీ విప్పని మనిషి. ఆయన నవ్వగా చూశామన్నవాళ్లు ఎవరూ లేరు. మొదటిరోజు బోర్డు నిలువునా ఒక గీత గీసి, "ఎడమ డెబిట్. కుడి క్రెడిట్. డబ్బొస్తే డెబిట్, పోతే క్రెడిట్. ఎందుకని అడగొద్దు" అన్నారు.

జునిల్డా అడిగింది.

"బ్యాంకులో మా అమ్మ డబ్బు వేస్తే క్రెడిట్ అయిందని మెసేజీ వస్తుంది సార్. మీరేమో డబ్బొస్తే డెబిట్ అంటున్నారు. ఇద్దర్లో ఎవరు కరెక్టు?"

"ఇద్దరూ. ఆ డబ్బు బ్యాంకు మీ అమ్మకి తిరిగివ్వాలి. వాళ్లకది అప్పు. వాళ్ల పుస్తకం వాళ్లది, మీ పుస్తకం మీది."

తక్కినదేమీ తలకెక్కలేదు గాని, బ్యాంకు తమకు బాకీ ఉందన్న మాట మాత్రం ఆమెకు భలే నచ్చింది. ఇంటికెళ్లి చెప్తే, "మరి బాకీ ఉన్నవాడు అంత పెడసరంగా మాట్లాడతాడేమే?" అని మూతి తిప్పింది న్యా సెవేరా.

ఒవెలార్ గారి పాఠమంతా ఒక్క కొట్టు చుట్టూనే తిరిగేది. కాసిమిరో అనే ఆయన ఇనుప సామాన్ల కొట్టు పెట్టాడు. మేకులు కొంటాడు, రంగు డబ్బాలు అమ్ముతాడు, అద్దె కడతాడు. అంతా కల్పితమే. వారం వారం కాసిమిరో ఏం చేశాడో మాస్టారు పొడిపొడిగా చెప్పేవారు. పిల్లలు దాన్ని రోజువారీ చిట్టాలో రాసి, ఖాతాల పుస్తకమైన ఆవర్జాలోకి ఎక్కించేవారు. క్లాసులో అందరికీ కాసిమిరో ఒక లెక్క. జునిల్డాకు మాత్రం మనిషైపోయాడు. బట్టతల, చిరుబొజ్జ, జాలిగుండె అని తేల్చేసింది. జాలిగుండె అనడానికి రుజువు కూడా ఉంది. ఫెలిసా అనే ఆవిడ పదే పదే వచ్చి అరువు మీద రంగు డబ్బాలు పట్టుకెళ్తుంది. ఒక్క గ్వరానీ నాణెం కూడా ఇవ్వదు. అయినా ఆయన మళ్లీ ఇస్తాడు.

"ఒక్క మనిషికి అంత రంగెందుకే?" అన్నాడు డెర్లిస్. వాడిది పక్క బెంచీ. క్లాసుకు ముందు వరండాలో కూర్చుని, ఐసు వేసిన తెరెరె అనే ఆకుల పానీయపు కొమ్ముచెంబు ఒకరి చేతి నుంచి ఒకరి చేతికి తిప్పుకుంటూ తాగేవాళ్లు.

"ఏముంది, గోడలకి."

"ఊళ్లో గోడలన్నిటికా? రంగు ఒట్టి సాకు! ఆవిడొచ్చేది కాసిమిరో కోసం."

ఆ మాట జునిల్డా మనసులో నాటుకుపోయింది.

తొలిసారి ఖాతాల నిల్వలన్నీ రెండు వైపులా కూడి అంకణా కట్టినప్పుడు ఆమె లెక్కలో కుడి ఎడమలు కలవలేదు. తొంభై వేలు తేడా. ఎంత గింజుకున్నా దొరకక, చివర 'వగైరా' అని రాసి తొంభై వేలు పడేసి, రెండు వైపులూ సమం చేసేసింది. ఒవెలార్ గారు కాగితం పైకెత్తి పట్టుకున్నారు.

"ఈ వగైరా గారెవరమ్మా?"

"కాసిమిరో గారి బావమరిది సార్" అన్నాడు డెర్లిస్ పక్క నుంచి. క్లాసు గొల్లుమంది.

మాస్టారు నవ్వలేదు. "తేడాని తొమ్మిదితో భాగించు. పోయిందా? అంటే అంకెలు అటూ ఇటూ అయుండొచ్చు. వెతుకు."

వెతికింది. ఫెలిసా ఖాతాలో నాలుగు లక్షల యాభై వేలకు బదులు అయిదు లక్షల నలభై వేలు ఉంది. తప్పు ఎక్కడుందో ఆ తప్పే దారి చూపిస్తుందని ఆమె ఊహించలేదు. ఆ రోజు ఇంటికి నడుస్తూ దారంతా తొమ్మిదితో ఏది పోతుందా అని బళ్ల నంబర్లు భాగించుకుంటూ పోయింది.

తర్వాత పాఠం సొంతవాడకాలు. కొట్టు వేరు, యజమాని వేరు. కొట్టులోది సొంతానికి తీసుకుంటే అదీ రాయాల్సిందే. మర్నాడు పొద్దున న్యా సెవేరా గంపలోంచి ఒక చీపా తీసి కొరుకుతుంటే జునిల్డా చెయ్యి అడ్డం పెట్టింది.

"అమ్మా, అది సొంతవాడకం. పద్దు రాయాలి."

"రాయి. నీ బుగ్గలో కుక్కుకున్నది కూడా కలిపి రాయి!"

అక్టోబరులో అసలు ముప్పు వచ్చింది. ఒవెలార్ గారు యథాప్రకారం పొడిగా చెప్పారు. "ఫెలిసా బాకీ వసూలు కాదని తేలింది. రానిబాకీ కింద కొట్టెయ్యండి."

జునిల్డా కలం కింద పెట్టింది.

"ఎవరు తేల్చారు సార్?"

"నేనే."

"ఆవిణ్ణి ఒక్క మాట అడిగారా?"

"ఆవిడ లేదమ్మా!"

"అయ్యో, పోయిందా!" అంది వెనక బెంచీ అమ్మాయి, నిజంగానే గుండె మీద చెయ్యి వేసుకుని.

ఒవెలార్ గారు సుద్దముక్క బల్ల మీద పెట్టేసి పాఠం ముగించారు. జునిల్డా ఆ పద్దు రాయనే లేదు. ఆ వారం ఆమెకు సున్నా వచ్చింది. క్లాసు రెండుగా చీలింది. బాకీ కొట్టెయ్యాలని సగం మంది, ఇంకో ఏడాది ఆగాలని సగం మంది.

"పెళ్లి చేసేస్తే సరి. బాకీ దానంతటదే పోతుంది" అన్నాడు డెర్లిస్.

"పెళ్లయితే బాకీ ఎలా పోతుందిరా? కొట్టు వేరు, ఆయన వేరు కదా!"

అంది జునిల్డా గాని, ఆ ప్రశ్న ఆమెనే పట్టుకుని వదల్లేదు. ఆ బాకీని కొట్టు వదులుకుంటే కొట్టుకు నష్టం. మరి ఆయన తన మీద వేసుకుంటే? పరీక్ష కోసం ఏనాడూ తెరవని పుస్తకాన్ని ఈ పెళ్లి కోసం నమిలి మింగింది. మూలధనం అంటే ఏమిటో, లాభనష్టాలు దాంట్లోకి ఎలా చేరతాయో, సొంతవాడకాలు దాన్ని ఎలా తగ్గిస్తాయో, అన్నీ కాసిమిరో పెళ్లిచూపుల్లోనే తెలిశాయి. వరండాలో ఎవరితోనైనా వాదనకు దిగితే తెరెరె చేతిలోనే వెచ్చబడిపోయేది. "చెంబు దాటించవే తల్లీ" అని వెనకాల వాళ్లు గోల పెట్టేవారు.

చివరి పరీక్ష నోటితో చెప్పేది. బల్ల వెనక ముగ్గురు. మధ్యలో ఒవెలార్ గారు, అటూ ఇటూ కొత్తవాళ్లు. తరుగుదల గురించి అడిగారు, తడబడుతూ చెప్పింది. అప్పుడు ఒవెలార్ గారు కాగితంలోంచి తలెత్తకుండా చదివారు.

"నవంబరు ముప్పైన కాసిమిరో, తన కొట్టుకు బాకీ ఉన్న ఫెలిసాను పెళ్లి చేసుకున్నాడు. ఆమె బాకీ తన సొంత లెక్కలో వేసుకున్నాడు. పద్దు చెప్పు."

పక్కనున్న ఇద్దరూ చటుక్కున ఆయన వైపు తిరిగారు.

"ఎంత మంచి మాట చెప్పారు సార్!" అంది జునిల్డా. వెంటనే నాలిక్కరుచుకుని, "సొంతవాడకాలు డెబిట్, ఫెలిసమ్మ ఖాతా క్రెడిట్" అంది.

"కొట్టుకు నష్టమెంత?"

"ఏమీ లేదు సార్. ఆయన మూలధనం తగ్గుతుంది. తగ్గినా ఆయనకేం దిగులుండదు."

ఒవెలార్ గారికి దగ్గు వచ్చింది. చాలాసేపు దగ్గారు. జేబురుమాలుతో మూతి కప్పుకున్నారు గాని, భుజాలు ఊగడం అందరికీ కనిపించింది. అయిదుకు నాలుగు వేశారు. ఆ చివరి మాట సిలబస్‌లో లేదట.

బయటికొచ్చి, "పెళ్లయిపోయింది!" అని ఆమె అరిస్తే వరండాలో ఈలలు మోగాయి. లోపలికెళ్లిన డెర్లిస్ మాత్రం తరుగుదల దగ్గరే బోల్తాపడ్డాడు. ఫిబ్రవరిలో మళ్లీ రావాలి. జనవరి అక్కడ నడివేసవి. ఆ ఎండల్లో వాడింటి మామిడిచెట్టు కింద జునిల్డా వాడికి రోజూ పాఠం చెప్పింది. కాసిమిరో సామాన్లు మోసే మోటారుసైకిలుకు ఏటేటా ఎంత విలువ తగ్గుతుందో వేళ్లు మడిచి చూపించేది.

"సరే గాని, వాళ్లకి పిల్లలు పుడితే ఏ ఖాతాలో రాయాలే?" అనేవాడు వాడు.

"ముందు మోటారుసైకిలు సంగతి చూడరా!" అని పుస్తకం పెట్టి నెత్తిన ఒకటిచ్చేది.