తమ్ముడికి పట్టిన పొగ

కింది వాటాలో బాలింత ఉంది. పొద్దున పసిగుడ్డుకు నీళ్లు పోయగానే వాళ్లు సాంబ్రాణి వేస్తారు. ఆ వాసన మెట్లెక్కి మా గుమ్మం దాకా వస్తే చేతిలో పని వదిలేసి కిటికీలన్నీ బార్లా తెరుస్తాను. వద్దని చెబుదామని రెండుసార్లు కిందికి దిగాను కూడా. వాళ్ల ముసలమ్మ మురిపెం చూసి నోరు రాక తిరిగొచ్చాను.

నేను ఐదో తరగతి చదివిన ఏడు, 2012లో, గాంధారి దగ్గర మా ఊళ్లో చలి ముందే దిగింది. సద్దుల బతుకమ్మకు దంచిన నువ్వుల పొడి ఇంకా డబ్బా అడుగున ఉండగానే వాకిళ్ల నిండా మక్కలు ఆరబోశారు, గింజ ఒలిచిన బెండ్లతో పొయ్యిలు మండాయి, మేం అరుగు మీద కచ్చకాయలాడుతుంటే లోపలినుంచి నాయనమ్మ నన్ను కేకేసేది. బాపు మస్కట్‌లో ఉన్నాడు. తమ్ముడికి రెండు నెలలు.

వాడికి నీళ్లు పోయడం నాయనమ్మ పని, పొగ వేయడం నా పని. కుండపెంకులో నిప్పులు పోసి, సాంబ్రాణి, వాము, ఎల్లిపాయ పొట్టు చల్లి, తలుపులు మూసి, ఆమె వాణ్ణి పొగమీద అటూ ఇటూ తిప్పుతుంటే నేను విసనకర్రతో విసిరేదాన్ని. పొగ ఎంత లేపితే అంత మంచి అక్కనని మెచ్చుకునేది, నేనూ పొంగిపోయేదాన్ని.

ఒకరోజు వాడు పాలు ముట్టలేదు. ఊపిరి తీసినప్పుడల్లా పక్కటెముకల కింద డొక్క లోపలికి గుంజుకుపోతోంది.

"నాయనమ్మా, పక్కలెగరేస్తే దవాఖానకు తీస్కపోవాలన్నది సూదులేసే నర్సమ్మ."

"సలిగాలి సోకిందే. ఇంకింత పొగ పడితే గదే తగ్గుతది. ఇసురు నువ్వు."

అమ్మ నా వైపు చూసింది, నాయనమ్మ వైపు చూసింది. నేను విసిరాను. తప్పని తెలిసీ విసిరాను.

మూడో రోజు వాడి పెదవులు నల్లబడ్డాక ఆటో మాట్లాడారు. కామారెడ్డి దాకా వాడు అమ్మ ఒళ్లో. నేను గాలి తగలకుండా ఆటో పరదాను గట్టిగా పట్టుకుని. నాయనమ్మ దారిపొడుగునా కనబడ్డ ప్రతి గుడికీ మొక్కుతూ. డాక్టరమ్మ ఆక్సిజన్ పెట్టి, నిమోనియా అంది.

"పొగ గిట్ల ఏసిండ్రా?"

నాయనమ్మ చెడ్డది కాదు. ఎనిమిది కాన్పుల పిల్లలకూ అట్లాగే పొగ వేసింది, బతికిన అయిదుగురూ పొగ వల్లే బతికారనుకుంది. మిగతా ముగ్గురి సంగతి ఆమెను ఎవరూ అడగలేదు. మర్నాడు మధ్యాహ్నం తమ్ముడు పోయాడు.

బాపుకు సెలవు దొరికేసరికి ఆరు నెలలైంది. పసిపిల్లలకు ఫోటో తీస్తే ఆయుష్షు తగ్గుతుందని మా ఇంట్లో ఎవరూ తీయలేదు. వచ్చిన రోజే నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"బిడ్డా, తమ్ముడు ఎవల లెక్క ఉండె?"

"నీ లెక్కనే, బాపూ."

ఇప్పుడు నాయనమ్మ లేదు, ఆ పెంకుటిల్లు పోయి స్లాబు లేచింది, ఊళ్లో కాన్పులన్నీ దవాఖానలోనే. బాపు మాత్రం ఏదో ఒక పండగ పూట అదే మాట అడుగుతాడు, నేను అదే జవాబు చెబుతాను. వాడి ముఖం నాకు గుర్తు లేదు. లేచి పడే ఆ పక్కలే గుర్తున్నాయి.