దువ్వాడ దాటాక

మా పిన్ని పోయింది. టీవీలో వారం వారం కోడలి మీద విరుచుకుపడి మిమ్మల్ని పడీ పడీ నవ్వించిన గయ్యాళి అత్తగారు ఆవిడే. మొన్న మధ్యాహ్నం కాఫీ కలుపుతూ కుప్పకూలిపోయింది. నాకింకా నమ్మబుద్ధి కావడం లేదు.

పోర్టులో పనిచేసే మా బాబాయి పెళ్లయిన కొన్నాళ్లకే పోయాడు. ఇంట్లో పిన్నీ, మా నాయనమ్మా మిగిలారు. స్టీల్‌ప్లాంటు కాలనీ పందిళ్లలో, ఎక్కడ పిలిస్తే అక్కడ నాటకాలాడి పిన్ని ఆ ఇల్లు నడిపింది. తర్వాత షూటింగులకి హైదరాబాదు వెళ్లొస్తూ టీవీ సీరియల్లో వేసింది.

ఆ అత్తగారిని ఎక్కణ్ణుంచి తెచ్చిందో అందరికీ తెలుసు, ఒక్క నాయనమ్మకి తప్ప. ఆ మూతి తిప్పడం, "నా కోడలు, నా ఇట్టం!" అని గద్దించడం, అంతా నాయనమ్మదే. ఆవిడేమో టీవీ ముందు కూర్చుని, "ఇలాటత్తుంటే ఏ కోడలు బతుకుతాదే!" అని కళ్లనీళ్లొచ్చేలా నవ్వేది. పిన్ని వంటింట్లో కొంగు నోట్లో కుక్కుకునేది.

సీరియల్లో అత్తగారికి రూపాయి బిళ్లంత బొట్టు. ఇంట్లో పిన్ని నుదురు బోసి. మొగుడు పోయినదానికి బొట్టు కూడదన్నది నాయనమ్మ మాట. ఒకసారి షూటింగయ్యాక పిన్నితో రైల్లో వచ్చాను. మేకప్పంతా కడుక్కుంది గానీ, బొట్టు ఉంచుకుంది. మా ఊరికి ముందు స్టేషను దువ్వాడ దాటగానే కొంగు తడిపి తుడిచేసింది.

"ఉంచుకోవచ్చు కదా పిన్నీ?"

"వద్దే. ముసల్ది బాధపడతాది." తడి కొంగు పిండుకుంటూ, "ఒక్కసారి ఆ బొట్టుతోటి మన ఈదిలోంచి నడిసెల్లాలనుందే," అంది.

నిన్న పిన్నికి స్నానం చేయించాక నాయనమ్మ కుంకుమ భరిణె తెమ్మంది. బంధువులావిడ ఒకరు, "మొగుడు లేనిదానికి బొట్టేటత్తా?" అని అడ్డం వచ్చింది.

"నా కోడలు, నా ఇట్టం!"

ఎవరూ నవ్వలేదు.

బొట్టు పెడుతూ నాయనమ్మ భోరుమంది. "టీవీలో దీన్నిలా సూసినంతసేపూ నా కొడుకు బతికున్నట్టే ఉండేదే..."

ఆ మాట పిన్ని బతికుండగా అని ఉంటే ఏం పోయేది! నాకు నాయనమ్మ మీద కోపం వచ్చింది. ఆవిణ్ణే పట్టుకుని ఏడ్చాను.

పిన్నిని మా వీధిలోంచే తీసుకెళ్లారు. గుమ్మాల్లో నిలబడ్డ వాళ్లంతా ఆ నుదురే చూశారు. ఎర్రగా, పెద్దగా, నాయనమ్మ ఏడుస్తూ పెట్టిన, కాస్త పక్కకు జరిగిన బొట్టు.